విదేశీ డేటా సెంటర్‌కి పని మీద వెళ్లే సిస్టమ్ అడ్మిన్‌కి

హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కో సింగపూర్‌కో సర్వర్లు బిగించడానికి వెళ్లినవాళ్లు ర్యాక్ (సర్వర్లు బిగించే ఇనుప చట్రం) దాకా చేరకుండా సెక్యూరిటీ గేటు దగ్గరే ఆగిపోవడం మామూలే. ప్రవేశ అనుమతిలోని పేరు పాస్‌పోర్టుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. మన పేర్లతో ఇదే చిక్కు: ఆఫీసు ఐడీలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. అనుమతి పెట్టేవాళ్లకు పాస్‌పోర్టు పేజీ పంపి, అందులో ఉన్నట్టే రాయమనండి.

వీసా సంగతి అంతకుముందే తేల్చుకోవాలి. అమెరికా బీ-1 (బిజినెస్ పర్యటన వీసా) మీద వెళ్లి పరికరం బిగించాలంటే, దాన్ని అమెరికా బయటి కంపెనీ అమ్మి ఉండాలి, బిగించే బాధ్యత అమ్మకపు ఒప్పందంలో రాసి ఉండాలి. మీటింగ్ కోసమని తీసుకున్న వీసాతో స్క్రూడ్రైవర్ పట్టుకోకండి.

స్క్రూడ్రైవర్లు, ఎం6 కేజ్ నట్లు (ర్యాక్‌కి పరికరం బిగించే నట్లు) చెక్-ఇన్ పెట్టెలో వేయండి. నెట్‌వర్క్ లేకుండా పరికరంలోకి నేరుగా వెళ్లే కన్సోల్ కేబుల్, దాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపే యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. పెట్టె రాకపోయినా పని ఆగదు. పవర్ బ్యాంకు కూడా చేతిసంచిలోనే, 100 వాట్-అవర్లు దాటకుండా (3.7 వోల్టుల లెక్కన సుమారు 27,000 ఎంఏహెచ్). చాలామంది మర్చిపోయేది ఒకటుంది: ర్యాక్ పీడీయూలో (సర్వర్లకు కరెంటు పంచే పట్టీ) గోడ సాకెట్లు ఉండవు, ఎక్కువగా సీ13 రకం అవుట్‌లెట్లే. ల్యాప్‌టాప్ చార్జర్ కోసం ఒక చివర సీ14 (సీ13లో దూరేది), ఇంకో చివర సీ5 (చార్జర్‌లో దూరే మూడాకుల ప్లగ్గు) ఉన్న కేబుల్ కొనుక్కోండి.

కన్సోల్ సెట్టింగులు ముందు 9600 స్పీడు, 8 బిట్లు, పారిటీ లేకుండా, 1 స్టాప్ బిట్‌తో పెట్టి చూడండి. తెర మీద పిచ్చి అక్షరాలు వస్తే స్పీడు తప్పు, 115200 ప్రయత్నించండి. ఏమీ రాకపోతే కేబుల్‌నో డ్రైవర్‌నో అనుమానించండి. అక్కడ నెట్ దొరక్కపోవచ్చు కాబట్టి డ్రైవర్ ఇంట్లోనే ఎక్కించుకోవాలి.

వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి బయటి నుంచి వెళ్లే సురక్షిత దారి) ఓటీపీ ఎస్ఎంఎస్‌కి వచ్చేదైతే రోమింగ్ మీద నమ్మకం పెట్టుకోకుండా ఆథెంటికేటర్ యాప్‌కి మారండి. విమానం దిగాక ఫోన్ గడియారాన్ని చేత్తో ముందుకో వెనక్కో జరిపితే ఆ కోడ్లు పనిచేయవు, ఎందుకంటే అవి యూటీసీ (ప్రపంచమంతా ఒకటే అయిన ప్రామాణిక సమయం) మీద పుడతాయి. టైమ్‌జోన్ మార్చండి, గంటల ముల్లు కాదు. బ్యాకప్ కోడ్లు కాగితం మీద ఉంచుకోండి.

హోటల్ నుంచి సిస్కో రౌటర్ మారుస్తున్నారా? ముందు రన్నింగ్ కాన్ఫిగ్ (ఇప్పుడు నడుస్తున్న సెట్టింగులు) సేవ్ చేసి, పది నిమిషాల్లో రీబూట్ అవమనే ‘రీలోడ్ ఇన్ 10’ కొట్టండి, తర్వాతే మార్పు. కనెక్షన్ తెగితే పది నిమిషాల్లో అది పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే ‘రీలోడ్ క్యాన్సిల్’, ఆ తర్వాతే సేవ్. జూనిపర్‌లో ‘కమిట్ కన్ఫర్మ్‌డ్ 10’ రీబూట్ లేకుండానే ఈ పని చేస్తుంది, నిజానికి ఇదే మేలు.

హోటల్ వైఫైలో పింగ్ (అవతలి యంత్రం పలుకుతోందో చూసే చిన్న పరీక్ష) వెళ్తోంది, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) మాత్రం మధ్యలో బిగుసుకుపోతోంది అంటే పెద్ద ప్యాకెట్లు దారిలో పడిపోతూ ఉండొచ్చు. వీపీఎన్ ఇంటర్‌ఫేస్ ఎంటీయూని (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు, బైట్లలో) 1300కి దించి మళ్లీ కలపండి.