బోరు చేయించిన ఇంజిన్‌లో మళ్ళీ టకటక శబ్దమా? ముందు క్రాంక్ పుల్లీ బోల్టు చూడండి

కావలి వైపు రొయ్యల చెరువులకు మేత తోలే డీజిల్ పికప్ ఒకటి మా షెడ్డుకొచ్చింది. ఇంజిన్ బోరు పని (సిలిండర్లు తొలిపించడం) వేరేచోట చేయించి ఇంకా నెల కాలేదు. ఐడిలింగ్‌లో టకటక కొడుతోంది, రేస్ ఇస్తే తగ్గిపోతోంది. "బేరింగులు పోయాయంట, మళ్ళీ ఇంజిన్ దించాలంటన్నా" అని ఓనరు టెన్షన్ పడుతున్నాడు. దించే పని పడలేదు. క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, దాని చివర బెల్టు తిప్పే పుల్లీని పట్టే బోల్టు వదులైంది, అంతే. ఇంకో వారం అలాగే తోలుంటే మాత్రం క్రాంకే మార్చాల్సి వచ్చేది.

శబ్దం ఎక్కడిది?

కనెక్టింగ్ రాడ్ బేరింగ్ శబ్దం సాధారణంగా రేస్ ఇచ్చేకొద్దీ, లోడు పడేకొద్దీ పెరుగుతుంది. పుల్లీ శబ్దం ఐడిలింగ్‌లోనే గట్టిగా వినిపించి, స్పీడు పెరిగితే చాలాసార్లు అణిగిపోతుంది. ఏసీ వేసినప్పుడు బెల్టు మీద లోడు మారి శబ్దం కూడా మారితే అనుమానం పుల్లీ మీదికే పోవాలి.

ఇంజిన్ ఆపి, టార్చి వేసి బోల్టు తల చుట్టూ చూడండి. వాషరు అంచున తుప్పు రంగులో సన్నటి పొడి ఉందా? రెండు ఇనుప ముఖాలు బిగువు లేక ఒకదానిమీదొకటి రాసుకుంటే ఆ పొడి వస్తుంది. మన సముద్రపు గాలికి పైపైన పట్టే తుప్పు వేరు. అది అన్నిచోట్లా సమానంగా ఉంటుంది. ఇది మాత్రం బోల్టు దగ్గర మొదలై బయటికి గీతలుగా చిమ్మినట్టుంటుంది. పికప్‌లో నాకు దొరికింది ఇదే.

బోల్టు గట్టిగానే ఉండి పుల్లీ ఊగుతుంటే, పుల్లీ మధ్యలో ఉండే రబ్బరు రింగు చూడండి. లోపలి భాగం నుంచి బయటి అంచు దాకా చాక్‌పీసుతో అడ్డంగా ఒక గీత గీసి, కాసేపు నడిపి ఆపండి. గీత రెండు ముక్కలుగా జరిగిందంటే రబ్బరు వదిలేసినట్టే. ఇక ఎంత బిగించినా లాభం లేదు, పుల్లీ మార్చాలి.

ఒక జాగ్రత్త. శబ్దంతోపాటు స్టార్టింగ్ కష్టమైనా, స్కానర్‌లో క్రాంక్‌కీ క్యామ్‌కీ (వాల్వులు తెరిచే ఇరుసు) పొంతన లేదనే కోడ్ పీ0016 కనిపించినా ఇంజిన్ స్టార్ట్ చేయకండి. టైమింగ్, అంటే ఆ రెండింటి పొంతన, జరిగి ఉండొచ్చు. వాల్వులు పిస్టన్లకు తగిలితే ఖర్చు ఎక్కడికో పోతుంది.

ఎందుకు వదులవుతుంది?

చాలామంది "కీ ఉందిగా, అదే పట్టుకుంటుంది" అనుకుంటారు. కీ అంటే క్రాంక్ గాడిలో కూర్చునే చిన్న ఇనుప ముక్క. దాని పని టైమింగ్ గేరునూ పుల్లీనీ సరైన చోట కూర్చోబెట్టడం. తిరిగే బలాన్ని మోసేది ప్రధానంగా బోల్టు నొక్కుడే. ఆ నొక్కుడు తగ్గితే ప్రతి పవర్ స్ట్రోక్‌కీ పుల్లీ ఇటూ అటూ కొట్టుకుని కీని తినేస్తుంది, తర్వాత కీ గాడిని తింటుంది. ఫోర్డ్ డ్యూరాటెక్ లాంటి కొన్ని ఇంజిన్లలో ఆ కీ కూడా ఉండదు, అంతా బోల్టు బిగువు మీదే.

మొదటి దోషి ఎయిర్ గన్ను. విప్పడానికి గన్ను బంగారం, బిగించడానికి మాత్రం కాదు. అది ఎంత బిగించిందో చెప్పదు. కంప్రెసర్‌లో గాలి తగ్గితే బిగువూ తగ్గుతుంది, శబ్దం మాత్రం అదే "డబడబ".

రెండోది పాత బోల్టు. టార్క్ (రెంచ్‌తో తిప్పే బలం) తర్వాత డిగ్రీలు తిప్పమని మాన్యువల్ చెప్పే బోల్టుల్లో చాలావాటిని సాగేలా చేస్తారు. ఒకసారి సాగింది రెండోసారి అదే నొక్కుడు ఇవ్వదు. లక్షల పనిలో బోల్టు దగ్గర పిసినారితనం ఎందుకో నాకర్థం కాదు.

మూడోది ఆయిల్ సంగతి. రెంచ్ మీద పెట్టే బలంలో పదింట తొమ్మిది వంతులు బోల్టు థ్రెడ్ల రాపిడికీ, తల కింద రాపిడికీ పోతాయి. బోల్టును సాగదీసేది మిగతా వంతే. కాబట్టి పొడిగా బిగించమన్నచోట ఆయిల్ పూస్తే అదే టార్క్‌కి బోల్టు ఎక్కువ సాగుతుంది. పూయమన్నచోట వదిలేస్తే నొక్కుడు చాలదు. మాన్యువల్ ఏం చెబితే అది, మన అలవాటు కాదు.

సరిగా బిగించడం

బోల్టు, పుల్లీ విప్పాక కీ, కీ గాడి, గేరు ముఖం వేలితో తడిమి చూడండి. గాడి అంచు మెట్టులా తగిలితే ఆగండి, క్రాంక్‌ను లేత్ వాళ్ళకు చూపించాలి. పికప్‌లో కీ ఒక పక్క సగం అరిగింది, గాడి బాగుంది. కొత్త కీ, కొత్త పుల్లీ, కొత్త బోల్టు వేశాం. పుల్లీ, గేరు ఆనుకునే ముఖాల మీద పెయింటూ తుప్పూ లేకుండా తుడవాలి. బోల్టు రంధ్రంలో ఆయిల్ నిలిచి ఉంటే గుడ్డతో తీసెయ్యాలి, లేకపోతే బోల్టు తల ఆనకముందే ఆయిల్ అడ్డుపడి బిగిసినట్టు మోసం చేస్తుంది.

క్రాంక్ తిరగకుండా పట్టుకోవడం దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. ఇంజిన్ స్టాండు మీదుంటే ఫ్లైవీల్ పళ్ళకు లాక్ వేయండి, లేదా పుల్లీ పట్టే టూలు వాడండి. టైమింగ్ పిన్నులు గుర్తు కోసమే, బలం పట్టడానికి కాదు. వాటి మీద భారం వేస్తే పిన్ను వంగడమో, బ్లాకు రంధ్రం పగలడమో జరుగుతుంది. స్క్రూడ్రైవర్ ఇరికించే పద్ధతి కూడా వదిలేయండి, పళ్ళు పోతాయి.

టార్క్ అంకె ఇంజిన్‌ను బట్టి 100 న్యూటన్ మీటర్ల లోపు నుంచి 200 పైదాకా మారుతుంది. మన ఇంజిన్‌ది మాన్యువల్‌లో చూసుకోవాలి, పక్క బండిది అప్పు తెచ్చుకోకూడదు. 200 అంటే మీటరు పొడవు పైపు చివర 20 కిలోలు వేలాడదీసినంత బలం. టార్క్ రెంచ్‌ను కుదుపులు లేకుండా నిదానంగా లాగి, టక్కుమనగానే ఆపండి. ఇంకోసారి "టక్" వినాలనే సరదా వద్దు.

తర్వాత 90 డిగ్రీలు తిప్పమంటే బోల్టు తల మీద పెయింటుతో చుక్క పెట్టుకోండి. ఆరు మూలల బోల్టులో మూల నుంచి మూలకు 60 డిగ్రీలు, అంటే 90కి మూలన్నర జరగాలి. గడియారంలో 12 దగ్గరున్న చుక్క 3 దగ్గరికి రావాలి.

బిగించాక లాక్ తీసేసి, ఇంజిన్ తిరిగే దిశలోనే చేత్తో రెండు చుట్లు తిప్పి టైమింగ్ గుర్తులు కలిశాయో లేదో చూడండి. ఎక్కడైనా ఆగితే బలవంతం చేయకండి. అంతా సరిగా ఉంటే బోల్టు తల మీదుగా పుల్లీ మీదికి పసుపు పెయింటుతో ఒకటే గీత గీయండి. 500 కిలోమీటర్లు తిరిగాక బానెట్ ఎత్తి ఆ గీత చూడండి. తెగకుండా ఉంటే బోల్టును ముట్టుకోవద్దు, "ఎందుకైనా మంచిది, ఇంకొంచెం" అని స్పానర్ వేయొద్దు. గీత జరిగి ఉంటే మాత్రం మళ్ళీ బిగించి పంపకండి, విప్పి కీ దగ్గర నుంచి మొదలుపెట్టండి.