ఐతారం మటన్ వండే ముందు, ఇంట్ల కుక్క ఉన్నోళ్లకు

పొయ్యి ముట్టియ్యకముందే కుక్కకు దాని తిండి పెట్టేయండి, కడుపు నిండినంక వంటింట్ల కాళ్లల్ల తిరగదు.

కుక్కర్ రబ్బర్‌కు పగుళ్లొచ్చినయా, విజిల్ రంధ్రంల మెతుకు ఇరికిందా చూసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం బొక్కలు. ఉడికిన బొక్క పెళుసైతది, కుక్క నమిలితే సూదుల్లెక్క చీలి గొంతుల, పేగులల్ల గుచ్చుకుంటది, అందుకే ఎంగిలి ప్లేట్లు కింద పెట్టొద్దు, బొక్కలు మూత ఉన్న డబ్బాలనే వెయ్యాలె. కూర కలిపిన అన్నం కూడా వద్దు, ఉల్లిగడ్డ ఎల్లిగడ్డ ఉడికినా సరే దాని రక్తకణాలను దెబ్బతీస్తయి, నీరసం కొన్ని రోజులకు గానీ బయటపడదు. ఇంటికొచ్చిన సుట్టాలకు ఈ మాట ముందే చెప్పండి, ప్రేమతోనే పెడ్తరు పాపం.

ఫినాయిల్‌తో తుడిస్తే నేల ఆరేదాకా దాన్ని బయటనే కట్టేయండి, కానీ నీడల, పక్కన నీళ్లు పెట్టి, మన నల్గొండ ఎండలు తెలిసినయే కదా.