ఇల్లటమా, దత్తతా, సొంత కొడుకా? వంశవృక్షంలోని తగువును డీఎన్‌ఏతో సరిచూసుకోవడం ఎలా

మా ఇంటి ట్రంకు పెట్టెలో రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి ముత్తాతల నాటి భాగపరిష్కార దస్తావేజు. మా ముత్తాత, పొదిలి వైపు ఉండే ఇంకో శాఖ ముత్తాత ఒకే తండ్రి కొడుకులని అందులో ఉంది. రెండోది ఆ తర్వాత కొన్నేళ్లకు రాసిన అమ్మకం దస్తావేజు. అందులో మా ముత్తాత 'ఇల్లటపు అల్లుడి కొడుకు'. ఇంటిపేరు రెండు ఇళ్లకూ ఒకటే. ఏది నిజమని అడిగితే ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. చివరికి రెండు శాఖల వాళ్లం కలిసి డీఎన్‌ఏ పరీక్ష చేయించుకున్నాం. ఇలాంటి చిక్కు మీ ఇంట్లోనూ ఉంటే, మేము చేసిన పద్ధతి, మేము ముందే చేసి ఉండాల్సిన పద్ధతి రెండూ చెబుతాను.

ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

'మాది ఏ వంశం?' అంటే డీఎన్‌ఏ జవాబు చెప్పదు. 'ఈయన తండ్రి, ఆయన తండ్రి ఒక్కరేనా?' అంటే చెప్పగలదు. ప్రశ్న కింద సాధ్యమయ్యే జవాబులన్నీ రాయండి. మా విషయంలో నాలుగు వచ్చాయి. వాళ్లిద్దరూ సొంత అన్నదమ్ములు కావచ్చు. తండ్రి ఒకరై తల్లులు వేరు కావచ్చు. మా ముత్తాత ఆ ఇంటి ఆడపడుచు కొడుకు, అంటే అవతలి ముత్తాతకు మేనల్లుడు కావచ్చు. లేదా దత్తత వచ్చి ఉండవచ్చు. ఈ నాలుగింటినీ విడదీయగల పరీక్ష ఏదో తర్వాత చూస్తాం.

ఇల్లటం గురించి తెలియని పిల్లల కోసం ఒక మాట. కొడుకులు లేనివాళ్లు, కొన్నిసార్లు ఉన్నవాళ్లు కూడా, అల్లుడిని ఇంట్లోనే పెట్టుకుని ఆస్తిలో భాగం ఇచ్చే ఆచారం ఇది. రెడ్డి, కమ్మ కుటుంబాల్లోని ఈ ఆచారాన్ని మద్రాసు హైకోర్టు కాలంలోనే కోర్టులు గుర్తించాయి. ఆ పిల్లలకు తల్లి వైపు ఇంటిపేరు స్థిరపడిపోతే రెండు తరాల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

కిట్ కొనే ముందు పెద్దవాళ్లను కూర్చోబెట్టండి

'మన ముత్తాత ఎవరి కొడుకు?' అని సూటిగా అడిగితే పెద్దవాళ్లు పరువుకు సరిపోయే జవాబు చెబుతారు. వరసలు అడగండి. 'ఆ ఇంటి పెద్దాయనను మీ నాన్న ఏమని పిలిచేవాడు? అన్నా అనేవాడా, బావా అనేవాడా?' మన పిలుపుల్లోనే సగం వంశవృక్షం ఉంది. అన్నదమ్ముల పిల్లలైతే అన్నా తమ్ముడూ అవుతారు. ఒకరు అక్కచెల్లెలి బిడ్డ అయితే బావా బావమరిదీ అవుతారు. రెండు శాఖల మధ్య ఎప్పుడైనా పెళ్లి జరిగిందా అని కూడా అడగండి. దాయాదుల మధ్య పెళ్లి ఉండదు, మేనరికం మాత్రం ఉంటుంది. ఆ ఇంట్లో ఎవరైనా పోతే మీకు మైల ఎన్నాళ్లు? దాయాదులు పది రోజులు పడతారు, మేనమామ వైపు అంత ఉండదు.

ఎనభై దాటిన మా చిన్నతాతను ఇవన్నీ అడిగితే, 'మా నాయన ఆయన్ను మామా అనేవోడు అబ్బయా' అన్నాడు తాపీగా. ముప్పై ఏళ్ల గొడవలో ఆయనను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదట.

కాగితాలు ఏ జిల్లాలో వెతకాలి

ఇక్కడ చాలామంది తప్పు ఊరికి వెళ్లి వెనక్కి వస్తారు. ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లాగా పుట్టింది, 1972లో పేరు మారింది. అంతకు ముందు కందుకూరు, కనిగిరి, పొదిలి నెల్లూరు జిల్లాలో, ఒంగోలు, అద్దంకి గుంటూరులో, మార్కాపురం, గిద్దలూరు కర్నూలులో ఉండేవి. ఒంగోలు అయితే 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరులోనే. 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరుకు వచ్చింది. కాబట్టి దస్తావేజు ఏ సంవత్సరానిదో చూసి, ఆనాటి జిల్లాలో అడగండి.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పేర్ల ఇండెక్సు, ఆస్తి ఇండెక్సు విడివిడిగా ఉంటాయి. సర్వే నంబరు తెలియకపోతే పేర్ల ఇండెక్సుతో మొదలుపెట్టి సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. పాత అడంగళ్లు, ఆర్ఎస్ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్), ఇనాం భూములైతే ఇనాం ఫెయిర్ రిజిస్టర్ కూడా చూడాలి. 1984లో కరణాల పదవులు రద్దయ్యాక కొన్ని లెక్కలు ఆఫీసులకు చేరాయి, కొన్ని అటకల మీదే ఉండిపోయాయి. మీ ఊరి పాత కరణం గారి ఇంట్లో మర్యాదగా అడిగి చూడండి.

బాప్టిస్టు కుటుంబాలవాళ్లు చర్చి రిజిస్టర్లు అడగాలి. 1876–78 కరువు తర్వాత ఒంగోలు మిషన్‌లో పెద్ద ఎత్తున బాప్తిస్మాలు జరిగాయి. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి ఇచ్చారు. అప్పుడు పేర్లు మారినవాళ్లున్నారు, కరువులో తల్లిదండ్రులు పోయి వేరే ఇళ్లలో పెరిగిన పిల్లలున్నారు.

దస్తావేజు చదివేటప్పుడు ఒక్కో మాటనూ పట్టుకోండి. 'ఔరస పుత్రుడు' అంటే కడుపున పుట్టినవాడు, 'దౌహిత్రుడు' అంటే కూతురి కొడుకు. ఉత్త 'కుమారుడు' అని ఉంటే అది దత్తపుత్రుడికీ వాడతారు. మా ఇంట్లో గొడవంతా ఆ ఒక్క మాట వల్లే.

ఎవరికి, ఏ పరీక్ష

మూడు రకాలున్నాయి. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దాదాపు మారకుండా వస్తుంది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి పిల్లలందరికీ వచ్చినా, ముందుకు వెళ్లేది కూతుళ్ల ద్వారానే. ఆటోసోమల్, అంటే మిగతా 22 జతల క్రోమోజోముల డీఎన్‌ఏ, తల్లిదండ్రులిద్దరి నుంచీ సగం సగం వస్తుంది, తరం తరానికీ పలచబడుతుంది.

మా ప్రశ్నకు మైటోకాండ్రియా దండగ. ఇద్దరు ముత్తాతల దగ్గరే ఆ దారి ఆగిపోయింది. మిగిలిన రెండూ కలిపి చేస్తేనే పని జరుగుతుంది. ఎందుకో చూడండి. ఇల్లటమైతే వై కలవదు, ఎందుకంటే అది బయటి నుంచి వచ్చిన అల్లుడిది. ఆటోసోమల్ మాత్రం కలుస్తుంది, ఎందుకంటే తల్లి ఆ ఇంటి బిడ్డే. బయటివాళ్ల పిల్లాడిని దత్తత తీసుకుని ఉంటే రెండూ కలవవు. అన్న కొడుకును దత్తత తీసుకుని ఉంటే? వై చక్కగా కలుస్తుంది! అప్పుడు 'చూశారా, సొంత కొడుకే' అని కేకలు వేస్తారు గానీ, అది నిజం కాకపోవచ్చు. మన వైపు దత్తతలు చాలావరకు దగ్గరి బంధువుల్లోనే జరిగాయి కాబట్టి వై కలిసినంత మాత్రాన తగువు తీరిందనుకోకండి.

వై పరీక్షకు మగ వరసలో ఎవరైనా చాలు, అమెరికాలో ఉన్న మనవడైనా సరే. ఆటోసోమల్‌కు మాత్రం రెండు వైపులా బతికున్న అందరికంటే పెద్దవాళ్లనే తీసుకోండి. నేను చేయించుకుంటే వచ్చేదాని కంటే చిన్నతాత చేయించుకుంటే వచ్చేది ఎన్నో రెట్లు స్పష్టం. పెద్దవాళ్లు పోయాక అస్థికల నుంచి డీఎన్‌ఏ వస్తుందని ఆశ పెట్టుకోకండి, దహనంలో అది మిగలదు.

ఇంకొకరిని కూడా చేర్చండి. అదే కులం, అదే ప్రాంతం, కానీ మీ వంశంతో ఈ వరసలో సంబంధం లేని మనిషి. ఆయన ఎందుకో ఫలితాలు వచ్చాక తెలుస్తుంది.

విదేశీ కంపెనీలు కొన్ని ఇండియాకు కిట్లు పంపవు, ముందే చూసుకోండి. వై, ఆటోసోమల్ రెండూ ఒకేచోట చేసేవాటిలో ఫ్యామిలీట్రీడీఎన్‌ఏ ఒకటి. అందరూ ఒకే కంపెనీలో చేయించుకోవాలి, లేదా ముడి డేటాను జెడ్‌మ్యాచ్ లాంటి ఒకే వెబ్‌సైట్‌లో ఎక్కించుకోవాలి.

ఒప్పుకోలు

ఫలితం వచ్చాక కాదు, రాకముందే కూర్చుని మాట్లాడుకోండి. ఎవరు చూడొచ్చు, ఎవరికి చెప్పొచ్చు, అసలు అడగని రహస్యం బయటపడితే ఏం చేయాలి, ఇవన్నీ కాగితం మీద రాసి సంతకాలు చేయించండి. తాతల ప్రశ్న కోసం వెళ్తే బతికున్నవాళ్ల సంగతి బయటపడొచ్చు. ఈ టెన్షన్ వద్దనుకునేవాళ్లను బలవంతం చేయకండి. మైనర్లను ఇందులోకి లాగొద్దు. డేటా భద్రత కూడా చిన్న విషయం కాదు. 2023లో డీఎన్‌ఏ పరీక్షల కంపెనీ 23అండ్‌మీ నుంచి సుమారు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అసలు పేరుకు బదులు పొడి అక్షరాలు వాడండి.

శాంపిల్

అరగంట ముందు నుంచి తినడం, తాగడం, చుట్ట, ఆకూవక్క అన్నీ ఆపాలి. మా వాళ్లకు ఇదే అన్నిటికంటే పెద్ద పరీక్ష అయింది. వయసు పైబడినవాళ్లకు నోరు ఎండి ఉంటుంది, ఉమ్మి నింపే కిట్ కంటే బుగ్గ లోపల పుల్లతో రుద్దేది తేలిక. మూలుగ మార్పిడి జరిగినవాళ్ల శాంపిల్ తీసుకోకూడదు, దాత డీఎన్‌ఏ రావచ్చు. కిట్‌ను రోహిణీ కార్తె ఎండలో కారులో వదిలేయకండి.

ఫలితం చదవడం

జాతుల శాతాలు, రంగు రంగుల మ్యాపులు పక్కన పెట్టండి. వాటితో పని లేదు.

వైలో ముందు హాప్లోగ్రూపు, అంటే వేల ఏళ్ల కిందటి ఒకే పూర్వీకుడి నుంచి దిగిన పెద్ద మగ వరస ఏదో చూడండి. ఒకరిది హెచ్, ఇంకొకరిది ఆర్ అయితే వాళ్ల మగ వరసలు వేల ఏళ్ల కిందటే విడిపోయాయి, మీ ముత్తాతల తండ్రి ఒకరు కాదు. రెండూ ఒకటే అయితే మాత్రం తొందరపడకండి. హెచ్1, ఆర్1ఏ, ఎల్1 లాంటివి ఎన్నో కులాల్లో, ఎన్నో ఊళ్లలో ఉన్నాయి. ఏ హాప్లోగ్రూపూ కులాన్నీ గోత్రాన్నీ చెప్పదు. అప్పుడు వై మీద గుర్తుల్లాంటి 37 లేదా 111 చోట్లను (మార్కర్లు) పోల్చి చూడాలి.

ఆటోసోమల్‌ను సెంటీమోర్గాన్లలో, అంటే ఇద్దరికీ కలిసిన డీఎన్‌ఏ ముక్కల పొడవును చెప్పే కొలతలో, కొలుస్తారు. అన్నదమ్ముల పిల్లల మధ్య సగటున 870 దాకా ఉంటుంది, 400 నుంచి 1,400 దాకా మారవచ్చు. మాకు పోల్చింది చిన్నతాతనూ, అవతలి ముత్తాత కొడుకునూ. ముత్తాతలు సొంత అన్నదమ్ములైతే ఈ సంఖ్యలు వర్తిస్తాయి. మేనమామ, మేనల్లుడైతే సగటు 430. తల్లులు వేరైన అన్నదమ్ములైనా దాదాపు అంతే! అంటే సంఖ్య ఒక్కటే ఆ రెండింటినీ విడదీయలేదు, వై విడదీస్తుంది.

ఇక మేనరికం. మేనకోడలినీ మరదలినీ చేసుకునే అలవాటు తరతరాలుగా ఉన్న ఇళ్లలో ఒకే ముక్కలు రెండు మూడు దారుల్లో వచ్చి సంఖ్యను పెంచుతాయి. పాశ్చాత్య దేశాల లెక్కలు మనకు అచ్చంగా సరిపోవు. అందుకే ఆ సంబంధం లేని మనిషి. ఆయనతో కూడా చిన్నతాతకు ఎన్నో చిన్న ముక్కలు కలిస్తే, అది కులంలోని పాత కలయిక అన్నమాట. చిన్న ముక్కలు వదిలేసి 20 సెంటీమోర్గాన్లు దాటిన పొడవైన ముక్కలనే లెక్కలోకి తీసుకోండి. జెడ్‌మ్యాచ్‌లో ఒక మనిషి తల్లిదండ్రులు బంధువులా అని చూసే సాధనం ఉంది, అది కూడా వాడండి.

మాకు వై కలవలేదు. ఆటోసోమల్ 500కు కాస్త అటూ ఇటూ, అన్నీ పొడవైన ముక్కలే. దానికి తోడు ఇల్లటమని రాసిన దస్తావేజు, చిన్నతాత చెప్పిన 'మామా' అన్న పిలుపు. అన్నీ ఇల్లటం వైపే చూపాయి.

భూమి తగువైతే

ఇంట్లో చేయించుకున్న పరీక్షను కోర్టు లెక్కలోకి తీసుకోకపోవచ్చు. శాంపిల్ ఎవరిదో, ఎవరి ముందు తీశారో రుజువు ఉండదు. కోర్టులు కూడా అడగగానే పరీక్షకు ఆదేశించవు. 1993లో గౌతమ్ కుందూ కేసులోనూ, ఆస్తి తగువులో వచ్చిన 2021 నాటి అశోక్ కుమార్ కేసులోనూ సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ భర్త బిడ్డే అన్న నియమం భారతీయ సాక్ష్య అధినియం 116వ సెక్షన్‌లో ఉంది. అవసరం రుజువైతే ఆదేశిస్తాయి కూడా. పితృత్వ కేసులో మన మాజీ గవర్నర్ ఎన్.డి. తివారీ 2012లో రక్తం ఇవ్వాల్సి వచ్చింది, పరీక్ష జరిగింది హైదరాబాద్ డీఎన్‌ఏ ప్రయోగశాల సీడీఎఫ్‌డీలోనే.

అసలు సంగతి వేరే ఉంది. చట్టబద్ధమైన దత్తతకు, రుజువైన ఇల్లటానికి రక్తంతో పని లేకుండానే హక్కు ఉంటుంది. డీఎన్‌ఏ కలవలేదని పొలం అడిగేవాళ్లు లాయరుకు ఫీజు ఇచ్చే ముందు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

వంశవృక్షాన్ని తిరిగి రాయడం

పాత చార్టును చింపకండి. కొత్తదానిలో పుట్టుకకు నిండు గీత, దత్తతకు చుక్కల గీత, ఇల్లటానికి జంట గీత గీయండి. ప్రతి గీత పక్కన అది దస్తావేజు వల్ల తెలిసిందా, ఎవరో చెప్పగా తెలిసిందా, పరీక్ష వల్ల తెలిసిందా రాయండి. ముడి డేటా ఫైలు కాపీ రెండు చోట్ల దాచండి.

మా చార్టులో ఇప్పుడు ముత్తాత పైన ఒక జంట గీత, దాని చివర పేరు లేని ఒక గడి ఉన్నాయి. ఆ ఇల్లటపు అల్లుడు ఏ ఊరివాడో, అసలు ఇంటిపేరు ఏమిటో ఎక్కడా లేదు. చిన్నతాతకు 'కనిగిరి అవతల' అని మాత్రం గుర్తు. 1970కి ముందు కనిగిరి అంటే నెల్లూరు, కాబట్టి వచ్చే నెల మళ్లీ నెల్లూరు బస్సెక్కాలి.