హీట్ పంప్ ఉన్న ఇంట్లో ఆక్స్ హీట్ ఊరికే ఆన్ కాకుండా

నార్త్ కరోలినాలో మా ఇంటికి హీట్ పంపే, అంటే బయటి గాలిలోని వేడిని లాగి ఇంట్లోకి తెచ్చే మెషీన్. చలికాలం పొద్దున్నే లేచి చూస్తే థర్మోస్టాట్ మీద ‘ఆక్స్ హీట్’ అని వెలుగుతూ ఉండేది. బిల్లు తలుచుకుంటేనే టెన్షన్. ఆక్స్ అంటే లోపలి యూనిట్‌లో ఉండే కరెంటు హీటర్. అది తిన్న కరెంటుకి సరిపడా వేడే ఇస్తుంది. హీట్ పంప్ అయితే, బయట 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అదే కరెంటుకి రెండు మూడింతలు ఇస్తుంది.

ముందుగా, రాత్రిపూట 62కి తగ్గించి, పొద్దున ఒకేసారి 70కి పెంచడం మానేశాను. ఆ ఎనిమిది డిగ్రీలు ఎక్కించడానికే ఆక్స్ వచ్చేసేది. ఇప్పుడు రాత్రి 67, పొద్దున 69.

తర్వాత వారం రోజులు సెట్టింగ్ కదపకుండా 69 మీదే ఉంచి, బయట ఎంత ఉన్నప్పుడు ఆక్స్ మొదలవుతోందో కాగితం మీద రాసుకున్నాను. మా ఇంటికి 31 దగ్గర తేలింది. థర్మోస్టాట్ ఇన్‌స్టాలర్ సెట్టింగ్స్‌లో ‘ఆక్స్ లాకౌట్’ అని ఉంటుంది, దాన్ని నాలుగు డిగ్రీలు ఎక్కువగా, 35కి పెట్టాను. బయట అంతకన్నా వెచ్చగా ఉంటే ఇక ఆక్స్ రాదు. మీ ఇంటి అంకె వేరేగా ఉంటుంది, మాది పెట్టేసుకోకండి.

ఒక్క జాగ్రత్త: లాకౌట్ మరీ కిందికి, 20కో 25కో దించితే గడ్డకట్టే రాత్రుల్లో హీట్ పంప్ ఒక్కటే లాగలేదు, ఇల్లు చల్లబడిపోతుంది. చంటిపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో అసలు అలా చేయొద్దు.