రథయాత్ర ముందు: ఇంట్లో రెండు కుక్కలున్నవారికి జాగ్రత్తలు

పర్లాకిమిడి వీధుల్లో మేళం గేటు దాకా వచ్చినప్పుడు, బయటి జనాన్ని అందుకోలేని కుక్క తన ఉద్రేకాన్ని పక్కనున్న తోటి కుక్కపై చూపవచ్చు. అది పాత పగ కాదు, దారి మళ్లిన ఆవేశం.

కలబడిన కుక్కల మధ్య చేయి పెట్టవద్దు, మెడపట్టీ పట్టుకోవద్దు; ఆ క్షణంలో అవి చేయి ఎవరిదో చూడకుండానే కరుస్తాయి. బకెట్ నీళ్లు కుమ్మరించాలి, లేదా మధ్యలోకి అట్టపెట్టె తోయాలి. కాటు పడితే, టీకా వేసిన కుక్కదైనా సరే, సబ్బుతో ధార నీటి కింద 15 నిమిషాలు కడిగి ఆ రోజే వైద్యుణ్ణి కలవాలి.

డప్పుల చప్పుడు వినబడకముందే రెండింటినీ వేర్వేరు గదుల్లో ఉంచాలి. మా పెద్ద కుక్క గేటు ఊచలపై కాళ్లు పెట్టి మొరుగుతూ, ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, పక్కన నిలబడ్డ చిన్నదాని చెవి పట్టుకుంది.

తోక ఊపుతోందని ధీమా పడరాదు. ఒళ్లు బిగుసుకుని, నోరు మూసుకుని, చూపు ఒకేచోట నిలిస్తే వెంటనే విడదీయాలి.

ఎముకలు, తిండి గిన్నెలు ముందే తీసివేయాలి.

గొడవ జరిగితే, ఉద్రేకం త్వరగా చల్లారదు కనుక, మర్నాటి వరకు కలపవద్దు.