ఆమె కిటికీ ఎటువైపు ఉందో చూడండి

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడం నా పని. ఇంట్లోనే, నీటిరంగులతో వేస్తాను. అందుకే ఒక రచయిత్రి గదో, చిత్రకారిణి స్టూడియోనో ఫొటోలో కనిపిస్తే ఆగి చూడకుండా ఉండలేను. ఇలాంటి ఫొటోలు దాచుకునేవాళ్ళలో చాలామంది గోడ రంగు దగ్గరో, కుర్చీ మోడల్ దగ్గరో ఆగిపోతారు. నేను మాత్రం ప్రతి వస్తువు దగ్గరా ఒకటే అడుగుతాను: ఇది ఆమెకు ఏ ఇబ్బంది తీర్చింది? ఆ ఇబ్బంది నాకూ ఉంటేనే దాన్ని నా గదిలోకి తెచ్చుకుంటాను.

మెక్సికో చిత్రకారిణి ఫ్రీదా కాలో మంచాన్నే తీసుకోండి. 1925లో జరిగిన బస్సు ప్రమాదం ఆమెను మంచానికి కట్టిపడేసింది. పడుకుని ఉండే బొమ్మలు వేసుకోవడానికి వీలుగా వాళ్ళమ్మ ప్రత్యేకంగా ఒక ఈజిల్ (బొమ్మ వేసే పలకను నిలబెట్టే చట్రం) చేయించింది, మంచం పైన అద్దం పెట్టించింది. కళ్ళెదురుగా ఉన్నది తన ముఖమే కాబట్టి దాన్నే గీస్తూ వచ్చింది. అద్దం చూసి ముచ్చటపడి మనమూ మంచం మీద ఒకటి తగిలించుకోనక్కర్లేదు. ఒళ్ళు పని దగ్గరకు వెళ్ళలేనప్పుడు పనే ఒంటి దగ్గరకు వచ్చింది, అందులో మనకు పనికొచ్చే సంగతి అదే. నడుంనొప్పితో ఎక్కువసేపు కూర్చోలేని నా స్నేహితురాలు ఎంబ్రాయిడరీ సామానంతా మంచం పక్కకే మార్చుకుంది. ఎత్తు మార్చుకునే చిన్న బల్ల ఒకటి కొనుక్కుంది. దాని అడుగుభాగం మంచం కిందికి దూరుతుంది, పైపలక ఒడి మీదికి వస్తుంది. 1920లలో డిజైనర్ ఐలీన్ గ్రే తన ఇంటికోసం గీసిన ఉక్కు గొట్టాల బల్ల చేసేది కూడా ఇదే పని.

ఫొటోలో తర్వాత చూడాల్సింది వెలుతురు. కిటికీ ఎటు ఉంది, బల్ల దానికి ఎదురుగా ఉందా, పక్కగా ఉందా, ఆమె ఏ చేత్తో పని చేస్తుంది? నాది కుడిచేతి వాటం, కాబట్టి కిటికీ నాకు ఎడమవైపు ఉండాలి. లేకపోతే చేతి నీడ సరిగ్గా కుంచె మొన మీదే పడుతుంది. రంగులతో పనిచేసేవాళ్ళకు ఎండ నేరుగా పడని కిటికీ మేలు, కాగితం మీద రంగు గంటగంటకూ మారినట్టు కనిపించదు. రాత్రిపూట కూర్చునేవాళ్ళు బల్బు కొనేటప్పుడు అట్ట మీద సీఆర్‌ఐ అన్న అంకె చూడండి, ఆ వెలుతురులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పేది అదే. అది 90 పైన ఉంటే రంగులు చాలావరకు ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి. ఈ ఒక్క మార్పు నాకు ఎంత హాయి ఇచ్చిందో చెప్పలేను.

దుమ్ము, చప్పుడు, తడి ఉండే పనులకు శిల్పి బార్బరా హెప్‌వర్త్‌ను చూడండి. ఇంగ్లండ్‌లోని సెయింట్ ఐవ్స్‌లో 1949లో కొన్న స్టూడియోకు తోట కూడా ఉండేది, రాతిపని ఆరుబయటే సాగేది. తోట లేనివాళ్ళకు బాల్కనీ ఉన్నా సరే. అదే ఏడాది అమెరికాలో డిజైనర్ రే ఈమ్స్, ఆమె భర్త కట్టుకున్న ఇంట్లో నివాసం ఒక భాగం, స్టూడియో ఇంకో భాగం, మధ్యలో ఖాళీ జాగా. పని ముగించి నాలుగడుగులు నడిస్తే గాని ఇల్లు రాదు. ఒకే గది ఉన్నవాళ్ళకు ఒక తెర, లేదంటే వీపు అటు తిప్పిన పుస్తకాల అర చాలు.

అసలు గదే లేదంటారా? ఇంగ్లండ్‌లోని చాటన్ ఊళ్ళో ఉన్న ఇంట్లో నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ రాసుకున్న బల్ల ఇప్పటికీ ఉంది. పన్నెండు భుజాల చిన్న బల్ల, కాగితాలు, సిరాబుడ్డి పెడితే నిండిపోతుంది. అందరికీ బొమ్మలతో, మొక్కలతో నిండిన గది అవసరమూ కాదు. అమెరికా రచయిత్రి మాయా ఏంజెలో రాసుకోవడానికి హోటల్ గది తీసుకుని, గోడల మీది పటాలన్నీ తీసేయించేది. మీకు ఏది కుదురుతుందో తెలియకపోతే ముందు ఖాళీ గోడతో మొదలుపెట్టండి. నింపడం ఎప్పుడైనా నింపవచ్చు.

ఇక మీ గది. పని మధ్యలో లేచి, ఏమీ సర్దకుండా, ఒక ఫొటో తీయండి. నేల మీద, కుర్చీ మీద, ఒడి మీద ఏముందో రాసుకోండి. చోటు దొరకక అక్కడికి చేరిన వస్తువులే అవి. నా ఫొటోలో తడి కాగితాలు మంచమంతా పరుచుకుని ఉన్నాయి. అందుకని కొత్త బల్ల జోలికి పోకుండా, కిటికీ పక్కన ఒక తీగ కట్టి క్లిప్పులు తగిలించాను. ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి, కొన్ని వారాలు దానితో పనిచేయండి, మళ్ళీ ఫొటో తీయండి. కుర్చీ కొనాలా వద్దా అనేది ఆ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకున్నాకే ఆలోచించండి.