క్యాంపర్‌వ్యాన్ ట్రిప్ ప్లాన్ చేయడం ఎలా? ముందు రాత్రి మజిలీలు తేల్చుకోండి

అందరూ చేసే పని ఒకటే. చూడాలనుకున్న చోట్లన్నీ మ్యాప్‌లో గుర్తు పెట్టి, వాటిని కలుపుతూ గీత గీసి, ప్లాన్ అయిపోయిందనుకుంటారు. కారులో వెళ్లి హోటల్లో దిగేవాళ్లకి అది చాలు. క్యాంపర్‌వ్యాన్‌లో, అంటే పడుకునే ఏర్పాటు ఉన్న వ్యాన్‌లో వెళ్లేవాళ్లు మాత్రం ఏ రాత్రి బండి ఎక్కడ ఆపాలో ముందు తేల్చుకోవాలి. చూసే చోట్లు ఆ తర్వాత వాటంతటవే సర్దుకుంటాయి.

బండి సంగతి గబగబా చెప్పేస్తాను. ఎంతమంది పడుకోవచ్చన్నది కాదు, ఎంతమందికి సీటు బెల్టులున్నాయో చూడండి, రెండు లెక్కలూ ఒకటి కాకపోవచ్చు. మీ లైసెన్సు ఆ బరువు బండికి చెల్లుతుందో లేదో చూసుకోండి. బండి ఎత్తు రాసి స్టీరింగ్ పక్కన అతికించండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేని వ్యాన్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు, ప్రాణం తీసే ఆ వాయువుకి వాసన ఉండదు. లీటరు నీళ్లంటే కిలో బరువు, 100 లీటర్ల ట్యాంకు నిండా నింపితే ఓ భారీ మనిషిని అదనంగా ఎక్కించుకున్నట్టే. కాబట్టి దారిలో నీళ్లు దొరికేట్టయితే సగం చాలు.

తర్వాత దారి. సముద్రం ఒడ్డున ఉన్న ఊరి నుంచి బయల్దేరుతున్నారంటే ఒక వైపు దారి ఎలాగూ లేదు. ముందు లోపలికి, కొండల వైపు వెళ్లండి, తిరుగు ప్రయాణంలో తీరం పట్టుకోండి. ఇందులో రెండో మాట లేదు. తీరంతో మొదలుపెడితే మొదటి రాత్రికే పరుపులో ఇసుక చేరుతుంది, ట్రిప్ అయ్యేదాకా అది వదలదు. పైగా ఉప్పుగాలికి బండి అడుగుభాగం తుప్పు పడుతుంది, తీరం చివర్లో ఉంటే ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగేయొచ్చు. ‘ముందు బీచ్‌లో రిలాక్స్ అవుదాం’ అనేవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

రోజుకి 200 కిలోమీటర్లు దాటకండి. మ్యాప్ చూపించే టైమ్ కార్లది, దానికి మూడో వంతు కలుపుకోండి.

ఇక అసలు చిక్కు, రాత్రి మజిలీ. ట్రిప్పులు చెడేది ఇక్కడే. ప్రతి రాత్రికీ ఒక చోటు, దానికి అరగంట దూరంలో ఇంకో చోటు రాసి పెట్టుకోండి. రెండూ చీకటి పడటానికి రెండు గంటల ముందే చేరగలిగేలా ఉండాలి, ఎందుకంటే మొదటిది నిండిపోయో, గేటు వేసేసో ఉంటే రెండోదానికి కూడా వెలుతురు ఉండగానే వెళ్లాలి. ముందే ఫోన్ చేసి అడగండి: రాత్రంతా ఉండనిస్తారా, లోపలికి వెళ్లే దారిలో కొమ్మలు ఎంత ఎత్తులో ఉన్నాయి, మురుగునీళ్ల ట్యాంకు ఎక్కడ ఖాళీ చేయాలి. ‘ఆన్‌లైన్‌లో ఫొటో చూశాం, బాగుంది’ అంటే కుదరదు. ఆ ఫొటో ఏ కాలంలో తీశారో, ఏ బండిలో వెళ్లారో మీకేం తెలుసు?

తీరంలో అయితే ఇంకా జాగ్రత్త. చాలా తీరాల్లో ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య సుమారు పన్నెండున్నర గంటలు ఉంటుంది. అంటే సాయంత్రం ఆరింటికి నీళ్లు బాగా వెనక్కి పోయి కనిపించాయంటే, అర్ధరాత్రికి అవి ముందుకి వచ్చేస్తాయన్నమాట. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇంకా పైకి వస్తాయి. ప్లాన్ చేసేటప్పుడే ఆ తేదీల పోటు వేళలు చూసి రాసుకోండి. అక్కడికి వెళ్లాక ఒడ్డున ఎండిన నాచు, గవ్వలు, పుల్లలు ఒక వరసలో పడి ఉంటాయి చూడండి, నీళ్లు అక్కడిదాకా వచ్చి వెళ్లినట్టు గుర్తు. బండి ఆ గీతకి బాగా పైన, గట్టి నేల మీద ఉండాలి. నడిచినప్పుడు గట్టిగా అనిపించిన ఇసుకే మూడు టన్నుల బండి కింద కుంగిపోతుంది, చక్రం తిప్పేకొద్దీ ఇంకా దిగబడుతుంది.

ఆపేటప్పుడు ముక్కు బయటికి వెళ్లే దారి వైపు పెట్టండి. రాత్రి ఏ కారణంతో కదలాల్సి వచ్చినా రివర్స్ తీసే పని ఉండకూడదు. గాలి గట్టిగా ఉంటే మాత్రం ముక్కు గాలికి ఎదురుగా ఉండాలి, పక్కనుంచి కొడితే బండి ఊగుతూనే ఉంటుంది. రెండూ కుదరని చోటైతే అక్కడ ఉండొద్దు, రెండో చోటు రాసుకున్నది అందుకే.

బుకింగ్ విషయానికొస్తే, మొదటి రాత్రి, ఆఖరి రాత్రి తప్పకుండా చేసుకోండి. ఆఖరి మజిలీ మీ ఊరికి గంట దూరంలోపు ఉండాలి. అద్దె బండి అయితే ట్యాంకులు ఖాళీ చేసి, ఇసుక ఊడ్చి, డీజిల్ కొట్టించి అప్పగించేసరికి ఒక పూట పోతుంది, ఆ రోజుకి ఇంకేమీ పెట్టుకోకండి.